కప్ప ఎముక చదవడం: గోరంత ఇలియం చుట్టూ తిరిగే వృత్తి

వికారాబాద్ దగ్గరి నస్కల్ మట్టిని ఎండబెట్టి, నానబెట్టి, సన్నకన్ను జల్లెడలో కడిగితే చివరికి మిగిలేది గుప్పెడు గరుకు. అందులో చేపల పళ్లు, గుల్ల పెంకులు, ఏ జంతువువో చెప్పలేని ఎముక తునకలు ఉంటాయి. వాటి మధ్య ఎక్కడో బియ్యపు గింజ కన్నా చిన్న ముక్క ఒకటి కనిపిస్తుంది. ఒక చివర గుండ్రటి గుంట, దాని పైన చిన్న బొడిపె, అక్కడి నుంచి సన్నగా సాగి మధ్యలో విరిగిపోయిన కాడ. అది కప్ప తుంటి ఎముక, ఇలియం. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, ఒక లావా ప్రవాహం చల్లారి మరొకటి వచ్చేలోపు దక్కన్ పీఠభూమి మీద ఏర్పడిన చెరువుల్లో బతికిన కప్పది. కప్ప శిలాజాల మీద పనిచేసేవాళ్లకు పేరు వచ్చినా, పేరు పోయినా చాలావరకు ఈ ముక్క వల్లే.

వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత వింత అస్థిపంజరం మరొకటి దొరకడం కష్టం. తుంటికి ముందున్న వెన్నుపూసలు ఇప్పటి కప్పల్లో 9కి మించవు. తోక పూసలన్నీ కలిసిపోయి యూరోస్టైల్ అనే ఒకే పుల్ల అయ్యాయి. ముంజేతి ఎముకలు రెండూ ఒకటయ్యాయి, మోకాలి కింది రెండూ ఒకటయ్యాయి. చీలమండలో రెండెముకలు పొడవుగా సాగి కాలికి ఇంకో మడత ఇచ్చాయి. ఈ రూపం ఒక్కసారిగా రాలేదు. మడగాస్కర్‌లో దొరికిన, సుమారు 25 కోట్ల ఏళ్ల నాటి కప్పలాంటి జీవి ట్రయడోబాట్రాకస్‌కు తుంటి ముందు 14 పూసలున్నాయి, పొట్టి తోక ఉంది, ముంజేతి ఎముకలు విడివిడిగానే ఉన్నాయి. అరిజోనాలో దొరికిన ప్రోసాలిరస్‌ను షూబిన్, జెంకిన్స్ 1995లో వర్ణించారు. దాని వయసు సుమారు 19 కోట్ల ఏళ్లు. అప్పటికే ఇలియం పొడవుగా సాగింది, దూకే కాలు తయారైంది.

ఆ తర్వాత కప్ప ఒళ్లు పెద్దగా మారలేదు. అసలు చిక్కు అదే. ఈనాడు 7,500కు పైగా జాతులున్నాయి, అన్నిటిదీ దాదాపు ఒకే అచ్చు. క్షీరదమైతే ఒక్క దవడ పన్నుతో జాతి దాకా వెళ్లొచ్చు. కప్ప విషయంలో పూర్తి అస్థిపంజరం చేతిలో ఉన్నా కుటుంబం దగ్గరే తగువు మొదలవుతుంది.

మరి ఇలియమే ఎందుకు? తొడ ఎముక కూర్చునే గుంట చుట్టూ ఎముక మందంగా ఉంటుంది కాబట్టి నీటిలో కొట్టుకుపోయినా, మట్టి బరువుకు నలిగినా ఆ చివర మిగులుతుంది. కపాలపు ఎముకలు పొట్టులా చితికిపోతాయి. పూసలు మిగిలినా అందులో చదవగలిగేది తక్కువ. భుజపుటెముక కింది చివర గోళీలాంటి గుండ్రటి బంతి ఉంటుంది, దాన్ని చూసి కప్పదని వెంటనే చెప్పొచ్చు. ఏ కప్పదో చెప్పడం కష్టం. మోకాలి కింది ఎముక అడ్డంగా విరిగిన చోట రెండు బోలు గొట్టాలు అతుక్కున్నట్టు, 8 అంకెలా కనిపిస్తుంది. అది కూడా కప్ప అని చెప్పడానికి మాత్రమే పనికొస్తుంది. ఇలియంలో అయితే చూడాల్సినవి చాలా ఉన్నాయి. కాడ పైన గట్టులాంటి అంచు ఉందా లేదా, ఉంటే ఎంత ఎత్తు, బొడిపె గుండ్రనా పొడవా, గుంట అంచు ముందుకు ఎంత సాగింది, లోపలివైపు రెండు ఇలియాలూ ఒకదానికొకటి ఆనుకున్న గుర్తు ఉందా. మన పొలాల్లో కనిపించే నీటికప్పల వర్గంలో కాడ మీద గట్టు ఎత్తుగా ఉంటుంది. గోదురు కప్పల్లో గట్టు ఉండదు, బొడిపె మాత్రం స్పష్టంగా ఉంటుంది.

ఇంతవరకు పుస్తకంలో దొరుకుతుంది. పుస్తకం సరిగా చెప్పనిది, ఒకే జాతిలో ఒక కప్పకూ మరో కప్పకూ మధ్య ఉండే తేడా. పిల్ల కప్పలో బొడిపె ఇంకా పొడుచుకు రాదు, గుంట అంచు పూర్తిగా గట్టిపడదు. ముసలి కప్పలో కండరాలు పట్టే చోట్లు గరుకెక్కుతాయి. ఉత్తర అమెరికా గోదురు కప్పల ఇలియాలను పెద్ద సంఖ్యలో కొలిచి చూసినప్పుడు, జాతికి గుర్తుగా వాడుతూ వచ్చిన లక్షణాలు ఒకే జాతి లోపల కూడా అటూ ఇటూ మారుతున్నాయని 2005లో తేలింది. అందుకే రెండు విరిగిన ఇలియాలను పక్కపక్కన పెట్టి ‘ఇవి రెండు జాతులు’ అనే ముందు, అవి ఒకే కప్ప పిల్లా పెద్దా కావచ్చేమో చూడాలి. ఈ పని మానేసి పెట్టిన పేర్లు కప్పల తక్కెడే. ఒకటి నిలబెడితే రెండు దూకుతాయి.

నస్కల్ చరిత్రలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ చోటుకు పేరు తెచ్చింది మొదట క్షీరదం. గుంటుపల్లి ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో అక్కడి పళ్ల ఆధారంగా డెక్కనోలెస్టిస్‌ను నేచర్ పత్రికలో వర్ణించారు. భారతదేశంలో డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదలు. 1991లో ప్రసాద్, పారిస్‌కు చెందిన జాన్-క్లోడ్ రాజ్ కలిసి నస్కల్ కప్ప ఎముకల్లో డిస్కోగ్లాసిడ్ కుటుంబానిది ఉందని రాశారు. ఆ కుటుంబం ఉత్తర ఖండాలది. అప్పటికి భారత భూభాగం దక్షిణాన సముద్రం మధ్య ఒంటరిగా ఉందన్నది పటాలు చెప్పే మాట. ఉత్తరాది కప్ప ఇక్కడుంటే ఎలా వచ్చింది? కప్ప చర్మం ఉప్పునీటిని తట్టుకోలేదు, కాబట్టి ఏదో నేలదారి ఉండి ఉండాలన్నది వాదన. కొన్ని మిల్లీమీటర్ల ఎముక మీద ఒక ఖండం ప్రయాణం ఆనింది. 2004లో అదే ఇద్దరూ నస్కల్ కప్పలను మళ్లీ పరిశీలించి రాసేసరికి పాత గుర్తింపుల బలం తగ్గిపోయింది.

దీన్ని వైఫల్యం అనుకునేవాళ్లున్నారు. ఈ రంగంలో అది వైఫల్యం కాదు. తన పాత గుర్తింపును తానే తిరిగి తూచి అచ్చు వేసినవాళ్ల మాట మీద తర్వాతివాళ్లు నమ్మకంగా పని కడతారు. నమూనా సంఖ్య వేసి, ఎముకను అన్ని వైపుల నుంచీ బొమ్మ తీసి, సంస్థలో భద్రపరచి ఉంచారు కాబట్టే ఆ పునఃపరిశీలన సాధ్యమైంది. పెట్టెలో పెట్టి మరిచిపోయిన ఎముక తప్పో ఒప్పో కూడా ఎవరూ చెప్పలేరు.

పేర్ల విషయంలో ముంబయి వర్లి కప్పది ఇంకా పాత కథ. వర్లి దగ్గర లావా పొరల మధ్య నల్లటి పలుచ రాతిలో చదునుగా నలిగిన చిన్న కప్పల అస్థిపంజరాలు దొరికాయి. 1847లో రిచర్డ్ ఓవెన్ దానికి రానా పుసిల్లా అని పేరు పెట్టాడు. ఆ రోజుల్లో కప్ప అంటే రానాయే. 1869లో భారత భూవైజ్ఞానిక సర్వేకు చెందిన స్టోలిచ్కా దాన్ని మరో ప్రజాతి ఆక్సిగ్లాసస్‌లోకి మార్చాడు. 1930లో అమెరికన్ శాస్త్రవేత్త నోబుల్ ఇండోబాట్రాకస్ అనే కొత్త ప్రజాతి కట్టి, దీని బంధువులు ఆస్ట్రేలియా వైపు ఉన్నారన్నాడు. రాయి అదే, కప్ప అదే, 83 ఏళ్లలో మూడు పేర్లు. మారింది పక్కన పెట్టి పోల్చిన కప్పలు.

మట్టి నుంచి సీసా దాకా

దక్కన్‌లో లావా పొరల మధ్య అవక్షేపాలు చాలాచోట్ల పలుచన. కొన్నిచోట్ల మీటరు కూడా ఉండవు. బావి తవ్వినప్పుడు, రోడ్డు కోసం గుట్ట కోసినప్పుడు, వాగు గట్టు విరిగినప్పుడు బయటపడతాయి. మట్టి తీసే ముందు పొరను కింది నుంచి పైకి కొలిచి, ఏ బస్తా ఏ ఎత్తు నుంచి తీశారో రాసుకోవాలి. ఈ ఒక్కటి తప్పితే మిగిలిన పనంతా వృథా.

కడగడంలో మొదటి నియమం, మట్టి పూర్తిగా ఎండాలి. ఎండిన బంకమట్టి నీళ్లు తగలగానే విచ్చుకుంటుంది. పచ్చిది ముద్దగానే ఉండిపోతుంది. మొండి బంకమట్టి అయితే ఎండిన గడ్డలను కొన్ని గంటలు కిరోసిన్‌లో నాననిచ్చి, కిరోసిన్ వంపేసి నీళ్లు పోస్తారు. గడ్డ లోపలికి ఇంకిన కిరోసిన్‌ను నీళ్లు తోసేస్తూ వెళ్లేసరికి కాసేపట్లో మట్టి విడిపోతుంది. తడి మిగిలి ఉంటే కిరోసిన్ లోపలికి ఇంకదు, అప్పుడు వాసన తప్ప లాభం లేదు. ఈ పని ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా చేయాలి.

జల్లెడలు ఒకదాని మీద ఒకటి పెడతారు. పైది 2 మిల్లీమీటర్ల కన్ను, కిందిది అర మిల్లీమీటరు. ఎండాకాలంలో నీళ్లు తక్కువని కింద 1 మిల్లీమీటరు జల్లెడతో సరిపెట్టుకుంటే చిన్న కప్పల వేలి ఎముకలు, దవడ ముక్కలు కాలవలో కలిసిపోతాయి. తర్వాత ఎవరో ‘ఈ చెరువులో పెద్ద కప్పలే ఉండేవి’ అని రాస్తారు. అలా తేలింది చెరువు లక్షణం కాదు, జల్లెడ లక్షణం. జల్లెడను నీటిలో మెల్లగా ఊపాలి. పైపుతో గట్టిగా కొడితే ఇలియం కాడలు విరుగుతాయి, ఆ విరుపు తాజాదని మైక్రోస్కోప్ కింద తెల్లటి అంచు చూస్తేనే తెలిసిపోతుంది.

సున్నపురాయిలో ఎముక ఉంటే కడిగితే చాలదు. 5 నుంచి 10 శాతం ఎసిటిక్ ఆమ్లంలో రాయిని కరిగిస్తారు. రాయి కాల్షియం కార్బొనేట్, ఎముక కాల్షియం ఫాస్ఫేట్ కాబట్టి రాయి ముందు కరుగుతుంది. తాజా ఆమ్లం ఎముకనూ కొరుకుతుంది. అందుకే ముందు విడత వాడిన ద్రావణం కొంత కలుపుతారు, అందులో అప్పటికే కరిగి ఉన్న లవణాలు ఎముకను కాపాడతాయి. త్వరపడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే రాయితోపాటు శిలాజమూ మాయం. ఆమ్లంలో ఉంచిన కాలానికి రెండు మూడింతలు మంచినీటిలో ఉంచాలి. సరిగా కడగకపోతే ఎముక రంధ్రాల్లో లవణ స్ఫటికాలు పెరిగి, ఆరిన కొన్ని వారాలకు ఎముకను లోపలి నుంచి చీలుస్తాయి. గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గని వంటి చోట్ల బెడద వేరు. ఈ గనిలో ఇయోసిన్ యుగం తొలినాళ్ల (సుమారు 5.5 కోట్ల ఏళ్ల కిందటి) కప్పలు దొరికాయి. లిగ్నైట్‌తో వచ్చే పైరైట్ గాలి తేమకు ఆక్సీకరణ చెంది గంధకామ్లం పుట్టిస్తుంది. నమూనాలు పొడి సీసాల్లో, తేమ పీల్చే సిలికా గుళికలతో ఉండకపోతే కొన్నేళ్లకు బూడిదే మిగులుతుంది.

ఏరడం అన్నిటికన్నా నెమ్మది పని. నల్లటి పళ్లెంలో ఒక్క చెంచా గరుకు పలుచగా పరిచి, 10 నుంచి 40 రెట్లు పెద్దది చేసే మైక్రోస్కోప్ కింద, తడిపిన సన్న కుంచె మొనతో ఎముకను ఎత్తుతారు. పట్టకారుతో ఎత్తితే ఎగిరి గదిలో ఎక్కడో పడుతుంది, మళ్లీ దొరకదు. పగుళ్లున్న ముక్కకు ఎసిటోన్‌లో 2 నుంచి 5 శాతం కలిపిన పారలాయిడ్ బి-72 జిగురు ఒక్క చుక్క చాలు. ఫెవిక్విక్ వంటివి వాడకూడదు. అవి గట్టిపడ్డాక తీయడం కష్టం, ఎముక ఉపరితలం మీది గుర్తులు కప్పేస్తాయి.

పోల్చడానికి ఏముంది?

మన దేశంలో ఈ పని చేసేవాళ్లు సాధారణంగా భూగర్భశాస్త్రం నుంచి వస్తారు. పొర, వయసు, లావా వాళ్లకు తెలుసు. కప్పను కోసి చూసినవాళ్లు తక్కువ. జంతుశాస్త్రం నుంచి వచ్చేవాళ్లకు ఇది తిరగబడుతుంది. ఈ రెండిట్లో పూడ్చడానికి కష్టమైనది రెండోది కాదు, మొదటిది. రాతిపొరల పాఠం ఒకటి రెండు సీజన్ల ఫీల్డ్‌వర్క్‌తో వంటబడుతుంది. నూరు జాతుల కప్పల తుంటి ఎముకలు కళ్లలో నిలవడానికి ఏళ్లు పడుతుంది.

ఒకప్పుడు ఇందుకు ప్రతి ప్రయోగశాలా సొంత ఎముకల పెట్టె కట్టుకునేది. చనిపోయిన కప్పను నీటిలో కుళ్లబెట్టో, మాంసం తినే డెర్మెస్టిడ్ పురుగులకు వదిలో ఎముకలు తీసేవారు. చిన్న కప్పకు ఇంకో దారి ఉంది. కండను ఎంజైమ్‌తో పారదర్శకం చేసి, ఎముకకు అలిజరిన్ ఎరుపు, మృదులాస్థికి ఆల్సియన్ నీలం పట్టించి గ్లిజరిన్‌లో దాచడం. ఇందులో ప్రతి ఎముకా ఉన్నచోటే కనిపిస్తుంది. ఇష్టం వచ్చినట్టు కప్పలు పట్టడానికి మాత్రం వీల్లేదు, అటవీశాఖ అనుమతులు కావాలి. ఇప్పుడు ఈ ఇబ్బంది చాలా తగ్గింది. ఫ్లోరిడా మ్యూజియం నాయకత్వాన సాగిన ఓవర్ట్ ప్రాజెక్టు 2017 నుంచి 2023 మధ్య 13,000కు పైగా మ్యూజియం నమూనాలను సీటీ స్కాన్ చేసి, ఆన్‌లైన్ భాండాగారమైన మార్ఫోసోర్స్‌లో పెట్టింది. ఆ స్కాన్లను తెరిచి చూసే త్రీడీ స్లైసర్ ఉచిత సాఫ్ట్‌వేర్. ఖమ్మంలోనో కర్నూలులోనో ఉన్న విద్యార్థి కూడా మంచి ల్యాప్‌టాప్ ఉంటే ఆఫ్రికా కప్ప ఇలియాన్ని తెర మీద తిప్పి చూడొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. స్కాన్ చేసింది పిల్ల కప్పో పెద్దదో, ఆడదో మగదో రాసుకోకుండా పోలిస్తే ముందు చెప్పిన తప్పే మళ్లీ.

కొలతల్లో తప్పు ఎంత దూరం వెళ్తుందో మడగాస్కర్ బీల్జెబుఫో చూపిస్తుంది. సుమారు 7 కోట్ల ఏళ్ల నాటి ఈ కప్ప తొలి ముక్కలు అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ క్రౌజ్‌కు 1993లో దొరికాయి. 2008లో సుసాన్ ఎవాన్స్ బృందం దాన్ని వర్ణించినప్పుడు పొడవు 40 సెంటీమీటర్లు దాటొచ్చని, బరువు 4.5 కిలోల దాకా ఉండొచ్చని లెక్క వచ్చింది. ప్రపంచంలోకెల్లా పెద్ద కప్ప అని పత్రికలు రాశాయి. మరిన్ని ఎముకలు చేరాక, 2014లో అదే పరిశోధకులు పొడవును 23 సెంటీమీటర్ల దగ్గరికి దించారు. విరిగిన ముక్కలతో కపాలం కూర్చి, కపాలం నుంచి ఒంటి పొడవు, పొడవు నుంచి బరువు లెక్కగట్టేటప్పుడు మొదటి మెట్టులో చిన్న తేడా చివరి మెట్టుకు కొండంత అవుతుంది. బరువు పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కదా. పత్రికల్లో ఇప్పటికీ ఎక్కువగా తిరుగుతున్నది 2008 లెక్కే.

పొట్టకూటి లెక్క

‘కప్ప శిలాజాలు’ అన్న పేరుతో ఉద్యోగ ప్రకటన రాదు. పీహెచ్‌డీ కూడా ఒక్క కప్పల మీదే పెట్టుకోవడం ప్రమాదం. రెండు సీజన్లు కడిగినా మంచి ఇలియాలు నాలుగే దొరికితే థీసిస్ నిలవదు. తెలివైన దారి ఒక చోటును మొత్తంగా తీసుకోవడం. చేపలు, బల్లులు, పాములు, మొసళ్లు, కప్పలు అన్నీ కలిసిన సూక్ష్మ శిలాజాల సమూహంగా దాన్ని వర్ణించి, కప్పలను సొంత ప్రత్యేకతగా పెంచుకోవాలి.

దారి సాధారణంగా ఎంఎస్‌సీ భూగర్భశాస్త్రం, ఆపై సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ భూవిజ్ఞాన పేపరు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ పరిశోధక వేతనం) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. ఆ తర్వాత తలుపులు కొన్నే. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, డెహ్రాడూన్‌లోని వాడియా సంస్థ, కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ భూవైజ్ఞానిక విభాగం, కొన్ని విశ్వవిద్యాలయాలు. భారత భూవైజ్ఞానిక సర్వేలోకి యూపీఎస్‌సీ జియో-సైంటిస్ట్ పరీక్ష రాసి వెళ్లొచ్చు. జీతం, భద్రత బాగుంటాయి. అయితే ఖనిజాన్వేషణకో పటాల తయారీకో పంపితే వెళ్లాల్సిందే, కప్పలు సెలవు రోజుల పని అవుతాయి. విదేశాల్లో ఇంకో ఏర్పాటు ఉంది, మనవాళ్లకు అది అంతగా తట్టదు. వైద్య విద్యార్థులకు మానవ శరీర నిర్మాణం బోధిస్తూ శిలాజాల మీద పరిశోధన చేయడం. క్రౌజ్ చాలాకాలం పనిచేసింది అమెరికా విశ్వవిద్యాలయం స్టోనీ బ్రూక్‌లోని శరీర నిర్మాణ విభాగంలోనే. ఎముకలు, కండరాలు తెలిసినవాళ్లు అక్కడ కావాలి.

ఈ ఎముకల అవసరం జన్యుశాస్త్రం వచ్చాక తగ్గిందనుకుంటే పొరపాటు. డీఎన్‌ఏ తేడాల నుంచి రెండు వంశాలు ఎప్పుడు విడిపోయాయో లెక్కగట్టే ‘గడియారం’ తనంతట తాను తిరగదు. వయసు తెలిసిన శిలాజాలతో దానికి సమయం పెట్టాలి. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఇప్పటి కప్ప జాతుల్లో దాదాపు 88 శాతం మూడు వంశాల నుంచి వచ్చాయని, ఆ మూడూ డైనోసార్లు అంతరించిన కాలంలోనే, అంటే నస్కల్ చెరువుల కాలానికి అటూ ఇటూగానే విస్తరించడం మొదలుపెట్టాయని చెప్పింది. గడియారానికి పెట్టిన శిలాజాల్లో ఏ ఒక్క ఇలియాన్ని తప్పు కుటుంబంలో పెట్టినా కోట్ల ఏళ్లు అటో ఇటో జరుగుతాయి.

భారతదేశానికి ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. 2003లో బిజు, బోస్యూట్ పడమటి కనుమల నుంచి నాసికాబాట్రాకస్ అనే ఊదారంగు కప్పను వర్ణించారు. ఏడాదిలో ఎక్కువ భాగం భూమిలోనే ఉంటుంది, వానలకు కొద్దిరోజులు పైకొస్తుంది. దాని దగ్గరి బంధువులు ఉన్నది సీషెల్స్ దీవుల్లో. అంటే భారత్, సీషెల్స్ కలిసి ఉన్న కాలం నుంచీ ఈ వంశం ఇక్కడ ఉండాలి. దాని శిలాజం మాత్రం ఇంతవరకు దొరకలేదు. ఎలాంటిది వెతకాలో తెలుసు. నేల తవ్వే కప్ప కాబట్టి కాళ్లూ చేతులూ పొట్టివి, ఒంటికి తగ్గ మందం ఉన్నవి. అలాంటి పొట్టి భుజపుటెముక ఒకటి ఏ ప్రయోగశాలలోనో ‘గుర్తించనివి’ అని రాసిన సీసాలో ఇప్పటికే పడి ఉండొచ్చు. అందుకే ఏరడం అయిపోయిన గరుకును కూడా పారేయరు. చోటు పేరు, పొర ఎత్తు, తీసిన తేదీ, జల్లెడ కన్ను పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి సంచి లోపల, ఒకటి బయట పెడతారు. బయటిది చెద తిన్నా లోపలిది ఉంటుంది.